మారు అన్నం పెట్టించిన మేడంకి, మా అపార్ట్‌మెంట్ వాళ్లకి

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, గాజువాక. మా పాపకి ఆరేళ్లు. తనకి విలియమ్స్ సిండ్రోమ్ అని, అంటే పుట్టుకతోనే ఉండే ఒక జన్యు సమస్య అని, పోయిన ఏడాది తెలిసింది. అప్పటి నుంచి మాకు తోడున్నవాళ్లకి థ్యాంక్స్ చెప్పాలని చాలాసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఈ రోజు రాసేస్తున్నాను.

పాపకి చిన్నప్పుడు బరువు పెరగలేదు, నడక ఆలస్యమైంది. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందకి దూరేది. మనుషులంటే మాత్రం ప్రాణం. బస్సులో పక్కన ఎవరున్నా సరే, ఎన్‌ఏడీ జంక్షన్ వచ్చేసరికి వాళ్ల ఒళ్లో ఉండేది. మొదట చేయించిన క్రోమోజోమ్ పరీక్షలో అంతా నార్మల్ అని వచ్చింది. ఆ మాట నమ్మి రెండేళ్లు ఊరుకున్నాం.

మాది మేనరికం. మా అత్త నాకు సొంత మేనత్త, నేను పుట్టినప్పుడే కోడలని అనేసుకుంది. పాప సంగతి తెలిశాక చుట్టాలందరిదీ ఒకటే మాట, మేనరికం చేసుకుంటే ఇంతేనని. గ్రహణం రోజు గడప దాటావా అని ఒకావిడ నన్ను నిలదీసింది. నేను ఏడ్చి ఊరుకున్నాను. అత్త ఏడవలేదు, ఏమీ అనలేదు. అన్నం తినడం తగ్గించేసింది.

రిపోర్టు వచ్చిన రోజు అత్తని కూడా లోపలికి పిలిచి కూర్చోబెట్టిన జెనెటిక్ కౌన్సెలర్ మేడంకి నా మొదటి నమస్కారం. ఆవిడ ఒక తెల్లకాగితం తీసుకుని, పాల లెక్కకి గోడ మీద గీసుకునే గీతల్లా 23 జతల గీతలు గీశారు. అవి మన క్రోమోజోమ్‌లట, జన్యువులుండే పోగులు. ఏడో జతలో ఒక గీత దగ్గర చిన్న సున్నా చుట్టారు. "ఇక్కడ పాతిక పైచిలుకు జన్యువులున్న ముక్క లేదమ్మా. మామూలు పరీక్షకి అందనంత చిన్నది, ఫిష్ అనే జన్యు పరీక్షలో దొరికింది" అన్నారు. అందులోదే ఎలాస్టిన్ జన్యువు. రక్తనాళాలకి సాగే గుణం దాని వల్లే వస్తుందట, లంగాకి ఎలాస్టిక్ ఉన్నట్టు. అది తగ్గితే గుండె నుంచి బయటికొచ్చే పెద్ద రక్తనాళం సన్నబడవచ్చు. అందుకే ఎకో, అంటే గుండె స్కాన్, మానొద్దన్నారు. ఈ పిల్లల్లో కొందరికి రక్తంలో కాల్షియం ఎక్కువవుతుందని, విటమిన్ డి చుక్కలు మా అంతట మేం వెయ్యొద్దని చెప్పారు. బక్కగా ఉందని నేను అప్పటికే టానిక్ కొనేశాను.

అప్పుడు అత్త నోరు విప్పింది. "మేనరికం చేశాననే కదమ్మా ఇలా అయింది?"

"కాదమ్మా. మేనరికంలో ఎక్కువగా కనబడే జబ్బులు వేరు. వాటికి అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, లోపమున్న జన్యువులు రెండూ కలవాలి. ఇది కడుపులో బిడ్డ పడకముందే, అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు దానంతటదే ఊడిపోయిన ముక్క. బయటి సంబంధం చేసుకున్నా రావచ్చు. మీ ఎవరి తప్పూ లేదు" అన్నారు.

అత్త ఆ కాగితం అడిగి తీసుకుంది. ఆ రాత్రి ఎన్నాళ్లకో మారు అన్నం పెట్టమంది. మేడం, మీకు ఇది తెలియాలి.

ఈ సిండ్రోమ్ గురించి న్యూజిలాండ్‌లో విలియమ్స్ అనే డాక్టరు 1961లోనే రాశారు. సుమారు 7,500 నుంచి 10,000 మంది పిల్లల్లో ఒకరికి ఉంటుందట. అంటే ఇంత పెద్ద ఊళ్లో మా పాప ఒక్కతే అయ్యుండదు. మీ ఇంట్లో కూడా ఇలాంటి బిడ్డ ఉంటే దయచేసి నాకు మెసేజ్ పెట్టండి.

ఇక మా అపార్ట్‌మెంట్ వాళ్లు. దీపావళికి బాంబులన్నీ వీధి చివర గ్రౌండ్‌కి తీసుకెళ్లి కాల్చుకున్నారు, మేం నోరు తెరిచి అడగలేదు. పై ఫ్లోర్ అక్క రోజూ బాల్కనీలోంచి "పాపా, మిక్సీ వేస్తున్నానే!" అని కేకేశాకే స్విచ్ వేస్తుంది. ఇది నవ్వుతూ చెవులు మూసుకుంటుంది. స్కూల్లో టీచర్ గారు వారాలు, నెలలు పాట కట్టి నేర్పారు. చదివిస్తే ఎక్కనివి పాటైతే రెండు రోజుల్లో వచ్చేశాయి.

నవ్వితే చాలు, ఎవరి వెంటైనా వెళ్లిపోతుందనేదే నా పెద్ద టెన్షన్. మా వాచ్‌మన్ బాబాయ్ గేటు దగ్గర రోజూ కూర్చోబెట్టుకుని దాని చేత ఒకే మాట అనిపించేవారు. మొన్న ఆదివారం కొరియర్ అబ్బాయి చెయ్యి పట్టుకోబోయి, ఆగి, "అమ్మని అడిగొస్తా" అంటూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. బాబాయ్, మీ రుణం తీరేది కాదు.