ఉత్తర్వును చట్టమని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన ప్రతి కాగితాన్నీ మన పత్రికలు ‘అమెరికా కొత్త చట్టం’ అని రాస్తున్నాయి. ముప్పై ఏళ్లు రాజనీతిశాస్త్రం బోధించినవాడిగా ఈ మాట నన్ను నొప్పిస్తోంది. అక్కడ పిల్లలున్న ఇంటి పెద్దగా అంతకంటే ఎక్కువ నొప్పిస్తోంది.

2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలంటూ వెలువడింది చట్టం కాదు. దేశ ప్రయోజనాలకు హానికరమని తాను భావించిన విదేశీయుల రాకను ఆపే అధికారం 1952 నాటి వలస చట్టం అధ్యక్షుడికి ఇచ్చింది. దాని ఆధారంగా చేసిన ప్రకటన అది. పొడిగించకపోతే పన్నెండు నెలలకు ముగుస్తుందని అందులోనే ఉంది. మర్నాడు శనివారం, సెలవు మీద తెనాలి వచ్చిన మా అక్క కొడుకు, అది అమల్లోకి వచ్చేలోగా డాలస్ చేరాలన్న కంగారులో రెట్టింపు ధర పెట్టి టికెట్ కొన్నాడు. అప్పటికే వీసా ఉన్నవారికి అది వర్తించదని ఆ మర్నాటికి వైట్‌హౌస్ వివరణ వచ్చింది.

కొరియా యుద్ధం నడుస్తుండగా 1952 ఏప్రిల్‌లో, సమ్మె వల్ల ఉత్పత్తి ఆగిపోతుందని అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు కర్మాగారాలను ఒక ఉత్తర్వుతో స్వాధీనం చేసుకున్నారు. రెండు నెలలు తిరగకముందే, చట్టాలు చేసే పని అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌దే గాని అధ్యక్షుడిది కాదంటూ సుప్రీంకోర్టు 6-3 తేడాతో దాన్ని కొట్టివేసింది. కాంగ్రెస్ అభిమతానికి విరుద్ధంగా నడిచినప్పుడు అధ్యక్షుడి అధికారం అత్యంత బలహీనంగా ఉంటుందని న్యాయమూర్తి జాక్సన్ విడిగా రాసిన అభిప్రాయం నేటికీ కోర్టుల్లో ప్రమాణంగా నిలుస్తోంది.

అలాగని ఉత్తర్వులను తేలిగ్గా తీసుకోమని నేను అనడం లేదు. జపాన్‌తో యుద్ధం నడుస్తున్న 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జారీచేసిన 9066వ ఉత్తర్వు, జపాన్ సంతతికి చెందిన సుమారు 1,20,000 మందిని ఇళ్ల నుంచి లేపి ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టించింది; వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. దాన్ని ఉల్లంఘిస్తే శిక్ష పడేలా కాంగ్రెస్ నెల తిరిగేసరికి చట్టం చేసింది, 1944లో సుప్రీంకోర్టు సమర్థించింది. క్షమాపణ, బతికున్నవారికి తలా 20,000 డాలర్ల పరిహారం 1988లో గాని రాలేదు. ఉత్తర్వుకు బలం సంతకం నుంచి మాత్రమే రాదనడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు.

కాంగ్రెస్ తలచుకున్నా అడ్డుకోవడం ఇప్పుడు సులభం కాదు. 2019లో సరిహద్దు గోడ కోసం ట్రంప్ ప్రకటించిన అత్యవసర పరిస్థితిని రద్దు చేస్తూ ఉభయ సభలూ తీర్మానించాయి. ఆయన వీటో చేశారు. దాన్ని తోసిపుచ్చడానికి కావలసిన మూడింట రెండు వంతుల ఓట్లు ప్రతినిధుల సభలో రాలేదు. మిగిలేది న్యాయస్థానమే. 2025 జనవరి 20న జన్మతః వచ్చే పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ వచ్చిన ఉత్తర్వును మూడో రోజునే సియాటెల్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి తాత్కాలికంగా నిలిపివేశారు. తాత్కాలిక వీసాల మీదున్న మన దంపతులకు పుట్టబోయే బిడ్డలకు సంబంధించిన ఆ నిలిపివేత వార్తకు, ఉత్తర్వు వార్తకు దక్కినంత చోటు నేను చూసిన పత్రికల్లో దక్కలేదు.

ఇకముందు ఇలాంటి వార్త వేసేటప్పుడు అది ఏ చట్టం ఆధారంగా వచ్చిందో, ఎవరికి ఎప్పటినుంచి వర్తిస్తుందో, కోర్టులో వ్యాజ్యం ఉందో లేదో కిందనే రెండు వాక్యాల్లో చెప్పవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత అధ్యాపకుడు, తెనాలి