గాయపడ్డ కుర్రాడి మీద పందెం కాయొచ్చు

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ క్రీడా పేజీలో అమెరికా ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ మీద వచ్చిన వ్యాసం చదివాను. గాయాలున్న కుర్రాళ్లనీ, కేసులున్న కుర్రాళ్లనీ జట్లు దగ్గరికి రానివ్వకూడదని, ఏ మచ్చా లేనివాళ్లనే తీసుకోవాలని అందులో రాశారు. మోకాలు విరిగినవాడినీ, మనిషి మీద చెయ్యి చేసుకున్నవాడినీ ఒకే గాటన కట్టడం నాకు అన్యాయమనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

నేను ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. ఇండియాలో ఈ పత్రిక చదివేవాళ్ల కోసం ముందు ఒక్క మాట చెప్పాలి. ఐపీఎల్ వేలంలో పర్సులో డబ్బుంటే ఏ జట్టయినా ఎవరినైనా పాడుకోవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్ అనే అమెరికా ఫుట్‌బాల్ లీగ్‌లో కాలేజీ కుర్రాళ్లను అలా పాడుకోవడం కుదరదు, వంతుల వారీగా ఎంచుకోవాలి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. 32 జట్లు, 7 రౌండ్లు. నిరుడు అందరికంటే అడుగున ఉన్న జట్టుకు ముందు వంతు. ఆ వంతునే పిక్ అంటారు. తీసుకున్నవాడు ఆడకపోతే ఆ పిక్ నీళ్లలో పోసినట్టే.

డాలస్ కౌబాయ్స్ జట్టు ఆఫీసు, ప్రాక్టీస్ మైదానాలు 2016 నుంచి మా ఊళ్లోనే ఉన్నాయి. అక్కడి ఇండోర్ స్టేడియంలో సిటీ సొమ్ము, స్కూల్ డిస్ట్రిక్ట్ సొమ్ము కూడా ఉంది కాబట్టి మా హైస్కూల్ పిల్లల మ్యాచ్‌లు అందులోనే జరుగుతాయి. శుక్రవారం రాత్రి ఆ గ్యాలరీలో తెలుగు తల్లిదండ్రులు చాలామందే కనిపిస్తారు. ఎవరి పిల్లాడైనా కిందపడి లేవడం ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు, "మోకాలేనా అండీ?" అని పక్కవాళ్లు అడిగే గొంతులోనే టెన్షన్ తెలిసిపోతుంది. కౌబాయ్స్ ఎవరిని తీసుకుంటారన్నది మాకు పరాయి సంగతి కాదు.

జేలన్ స్మిత్ సంగతే చూడండి. నోటర్‌డామ్ యూనివర్సిటీ లైన్‌బ్యాకర్, అంటే ముందు వరుస వెనక నిలబడి ప్రత్యర్థిని అడ్డుకునేవాడు. డ్రాఫ్ట్‌లో మొదటి ఐదుగురిలో ఒకడవుతాడని అందరూ అనుకున్నవాడు. 2016 జనవరి 1న ఒహాయో స్టేట్‌తో ఆడిన ఫియెస్టా బౌల్ అనే పెద్ద కాలేజీ మ్యాచ్‌లో అతని ఎడమ మోకాల్లో ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు రెండు తెగాయి. అంతకంటే పెద్ద దెబ్బ నరానికి తగిలింది. మోకాలి బయటి పక్కనుంచి కిందికి దిగే ఆ నరమే పాదాన్ని పైకి లేపుతుంది. అది పనిచేయకపోతే అడుగు వేసినప్పుడల్లా పాదం ముందుభాగం కిందికి వాలిపోతుంది, వేళ్లు నేలకు ఈడ్చుకుంటాయి. లిగమెంటును డాక్టరు సరిచేయగలడు. నరం ఎప్పుడు కోలుకుంటుందో, అసలు కోలుకుంటుందో లేదో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. చాలా జట్లు అతన్ని పక్కన పెట్టేశాయి. కౌబాయ్స్ మాత్రం రెండో రౌండ్‌లో, 34వ పిక్‌తో తీసుకున్నారు.

పైకి ఇది జూదమే. కానీ ఆ మోకాలికి ఆపరేషన్ చేసింది కౌబాయ్స్ జట్టు డాక్టరే. లోపల ఏం తెగిందో, ఏం మిగిలిందో కళ్లారా చూసిన మనిషి వాళ్ల దగ్గర ఉన్నాడు. మిగతా జట్లకు పైపై పరీక్షలు, రిపోర్టులే దిక్కు. అంటే కౌబాయ్స్ గుడ్డిగా పందెం కాయలేదు, ఇతరులకంటే ఎక్కువ తెలిసి కాశారు. పైగా ఓపిక పట్టారు. నాలుగేళ్ల కాంట్రాక్టులో మొదటి సీజన్ అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2017లో పాదాన్ని పట్టి ఉంచే బ్రేస్ వేసుకుని దిగి, 16 మ్యాచ్‌లూ ఆడాడు. 2019లో లీగ్‌లోని మేటి ఆటగాళ్లను ఎంచుకునే ప్రో బౌల్‌కు కూడా వెళ్లాడు.

అయితే దీన్ని పూర్తి గెలుపు అని నేను అనను. అదే డ్రాఫ్ట్‌లో మూడు పిక్‌ల తర్వాత, 37వ పిక్‌తో కాన్సస్ సిటీ జట్టు తీసుకున్న క్రిస్ జోన్స్ ఆ జట్టుతో మూడు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచాడు. స్మిత్‌ను 2021 అక్టోబరులో కౌబాయ్స్ వదిలేశారు. ఈ లెక్క చూపించి, చూశారా, రిస్క్ చేయకూడదు అనొచ్చు. కానీ జోన్స్ అంతటివాడవుతాడని తెలిసుంటే 36 మంది తర్వాత దాకా అతన్ని ఎవరు ఆగనిస్తారు? ఒంటి మీద గీత కూడా లేని ఆటగాళ్లు పనికిరాకుండా పోయిన రెండో రౌండ్ పిక్‌లు ప్రతి జట్టు చరిత్రలోనూ ఉంటాయి. గాయం లేనంత మాత్రాన రిస్క్ లేదనుకోవడం పొరపాటు.

ఇంకో సంగతి మీ వ్యాసంలో ఎక్కడా రాలేదు. ఆ రోజు ఫియెస్టా బౌల్‌లో స్మిత్ కాలేజీ ఆటగాడు, జీతం లేదు. పేరు, బొమ్మ అమ్ముకుని సంపాదించుకునే హక్కు కాలేజీ పిల్లలకు 2021లో గానీ రాలేదు. అదే మ్యాచ్‌లో అవతలి పక్క ఆడిన ఎజెకియల్ ఎలియట్‌ను కౌబాయ్స్ 4వ పిక్‌తో తీసుకుని దాదాపు 2.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. స్మిత్ చేతికి అందులో చిన్న ముక్కే వచ్చింది. ముందే కట్టుకున్న బీమా వల్ల సుమారు 9 లక్షల డాలర్లు అందాయని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. అందరూ రిస్క్, రిస్క్ అంటూ జట్టు గురించే మాట్లాడుతున్నారు. కాలు పోగొట్టుకునే దాకా వచ్చినవాడు ఆ కుర్రాడు. డ్రాఫ్ట్ గదిలో కూర్చున్న పెద్దమనుషులకు పోయేది ఒక పిక్ మాత్రమే.

మచ్చ అన్న మాటకే వస్తే, అదే 2016లో డ్రాఫ్ట్‌కు కొన్ని వారాల ముందు ఒక క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి విసిరి జట్టు దాడిని నడిపించే ఆటగాడిని, తాగి బండి నడిపాడన్న ఆరోపణ మీద అరెస్టు చేశారు. కౌబాయ్స్ అతన్ని నాలుగో రౌండ్‌లో, 135వ పిక్‌తో తీసుకున్నారు. జులైలో కోర్టు అతను నిర్దోషి అని తేల్చింది. ఆ కుర్రాడే డాక్ ప్రెస్కాట్. మొదటి ఏడాదే జట్టును 13 గెలుపులు, 3 ఓటముల దగ్గర నిలబెట్టాడు. మచ్చలేనివాడే కావాలని పట్టుబట్టి ఉంటే కౌబాయ్స్‌కు ప్రెస్కాట్ దక్కేవాడు కాదు.

1998లో సరిగ్గా అలాగే పట్టుబట్టి దెబ్బతిన్నారు కూడా. చదువుకునే రోజుల గొడవల వల్ల ర్యాండీ మాస్ అనే ఆటగాడంటే జట్లు భయపడ్డాయి. 8వ పిక్ చేతిలో ఉండి కూడా కౌబాయ్స్ అతన్ని వద్దనుకుని గ్రెగ్ ఎల్లిస్‌ను తీసుకున్నారు. ఎల్లిస్ మంచి ఆటగాడే, చాలా ఏళ్లు ఆడాడు. కానీ 21వ పిక్‌తో మిన్నెసోటా జట్టుకు వెళ్లిన మాస్, ఆ ఏడాది థ్యాంక్స్‌గివింగ్ పండుగ రోజు కౌబాయ్స్ సొంత గడ్డ మీద పట్టిన మూడు క్యాచ్‌లనూ టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి చేసే స్కోర్లు) చేసి 163 గజాలు కొట్టాడు. ఆ రోజును డాలస్ పాతతరం అభిమానులు ఇప్పటికీ మర్చిపోలేదు.

ర్యాండీ గ్రెగరీ అనే ఇంకో ఆటగాడి విషయంలో మాత్రం తప్పు జట్టుదీ, లీగ్‌దీ అని నా అభిప్రాయం. 2015 డ్రాఫ్ట్‌కు ముందు పరీక్షలో గంజాయి బయటపడింది. కౌబాయ్స్ 60వ పిక్‌తో తీసుకున్నారు. తర్వాత సస్పెన్షన్ మీద సస్పెన్షన్, 2017 సీజన్ మొత్తం బయటే. తన మానసిక ఆరోగ్యం గురించి అతనే తర్వాత బహిరంగంగా మాట్లాడాడు. అలాంటి కుర్రాడిని ఆట నుంచి, తోటివాళ్ల నుంచి ఏడాది పాటు దూరం పెడితే బాగుపడతాడా? లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి చేసుకున్న 2020 ఒప్పందంలో గంజాయి పరీక్షలో దొరికినంత మాత్రాన సస్పెండ్ చేయడం మానేశారు. అది ఐదేళ్లు ముందు చేసుంటే గ్రెగరీ కథ వేరేగా ఉండేది. జబ్బున్నవాడిని తీసుకున్నప్పుడు వైద్యం బాధ్యత కూడా తీసుకోవాలి.

ఇక నేను ఒప్పుకోలేనిది ఒకటుంది. గర్భిణి అయిన స్నేహితురాలి మీద దాడి కేసులో 2015లో నేరం ఒప్పుకుని, ప్రొబేషన్‌లో ఉన్న టైరీక్ హిల్‌ను 2016లో కాన్సస్ సిటీ ఐదో రౌండ్‌లో తీసుకుంది. అతను గొప్పగా ఆడాడు, జట్టు సూపర్ బౌల్ గెలిచింది. పందెం నెగ్గిందని రాసేవాళ్లు ఎందరో. మోకాలి మీద కాసిన పందెం ఓడితే నష్టపోయేది జట్టు. ఇలాంటి పందెం ఓడితే దెబ్బలు తినేది ఇంకో ఆడమనిషి. ఆమెనెవరూ డ్రాఫ్ట్ గదికి పిలిచి అడగలేదు. ఎంత వేగంగా పరుగెత్తేవాడైనా సరే, ఆరోపణ కాదు, నేరం రుజువైందో, తనే ఒప్పుకున్నాడో అయితే, ఆ కుర్రాడికి నా ఓటు లేదు.

సంపాదకుడు గారూ, ఏటా ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ వస్తుంది, మీరూ ఆటగాళ్ల పట్టిక వేస్తారు. ఈసారి దయచేసి "రిస్క్" అన్న ఒకే గడిలో అందరినీ నింపకండి. గాయమైతే ఏ కీలుకు, ఆపరేషన్ అయిందా అన్నది రాయండి. కేసయితే ఆరోపణ దగ్గరే ఉందా, కోర్టు తీర్పు వచ్చిందా, బాధితులు ఉన్నారా అన్నది విడిగా రాయండి. ఫుట్‌బాల్ ఆడే పిల్లలున్న ఇళ్లలో ఆ పట్టికను జాగ్రత్తగా చదువుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సస్