ర్యాంపు సరే, లోపల మా సంగతేమిటి?

సంపాదకులకు,

గత ఆదివారం మీ జిల్లా పేజీలో మ్యూజియం ర్యాంపు ప్రారంభోత్సవం ఫొటో వేశారు. రిబ్బను, కత్తెర, ఒకరినొకరు తోసుకుంటున్న నాయకులు, వెనక ఎక్కడో చక్రాల కుర్చీలో ఒకాయన సగం తల. ఆ సగమైనా పడినందుకు సంతోషం.

నాది పోలియో కాలు. ర్యాంపు వద్దని నేనెందుకంటాను? అది ఎక్కి లోపలికి వెళితే కనిపించేదాని గురించే నా గొడవంతా. జమీందారుగారు చూపులేని ముసలాయనకు అన్నం పెట్టిస్తున్న చిత్రం, కింద 'దయాగుణం' అని చీటీ. పక్క గదిలో ట్రైసైకిళ్ల పంపిణీ ఫొటోలు, వాటిలో బండి కన్నా మంత్రిగారే పెద్దగా ఉంటారు. స్కూలు పిల్లల్ని వరసగా తెచ్చి, "చూశారా పాపం, మీకు దేవుడు అన్నీ ఇచ్చాడు, బుద్ధిగా చదువుకోండి" అని చూపిస్తారు. బయటికొచ్చిన పిల్లలు నన్నూ అదే చూపు చూస్తారు. ఒకడైతే జేబులోంచి చిల్లర తీశాడు!

ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పటం ఒక మూల ఉంది. బిరుదులన్నీ రాశారు. చిన్నప్పటి నుంచీ చూపు తక్కువైన మనిషిని 1919లో విజయనగరం సంగీత కళాశాల వయొలిన్ ఆచార్యుడిగా తీసుకుందనీ, 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారనీ ఒక్క ముక్క లేదు. జైపాల్ రెడ్డిగారు చంకకర్రలతోనే పార్లమెంటుకు వెళ్లి 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అనిపించుకున్నారు. ఆయన ఫొటో ఛాతీ దాకా కత్తిరించి పెట్టారు. కర్రలు కనిపిస్తే పరువు పోతుందా? అమెరికావాళ్లూ 1997లో, చక్రాల కుర్చీ వాడిన తమ పాత అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్మారకం తెరిచినప్పుడు విగ్రహం మీద పెద్ద అంగీ కప్పి కుర్చీని దాచేశారు. అక్కడి వికలాంగులు ఊరుకోలేదు, 2001లో చక్రాల కుర్చీ స్పష్టంగా కనిపించే విగ్రహం పెట్టించారు.

మనకు చట్టమే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌లో, మా చరిత్ర చెప్పే మ్యూజియం ఒకటి నెలకొల్పాలని రాసి ఉంది. ఈ మాట నేనే ఒక అధికారికి చెప్పాల్సి వచ్చింది. "అలాగా మాస్టారూ!" అని టీ తెప్పించాడు. అంతే.

ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 2015లోనే చేత్తో తాకి చూసే 'అనుభవ్' గ్యాలరీ పెట్టారు. ఇక్కడ బ్రెయిలీ బోర్డును అద్దం వెనక బిగించారు, మురికి అవుతుందట! మామూలు బోర్డుల మీద తెలుగైనా సరిగ్గా ఉందా అంటే, 'శాసనం'లోనే రెండు తప్పులు. చదువుకున్నవాళ్లు చూసి సరిదిద్దే రోజులు పోయాయి. మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గరుంటుందో వాచ్‌మన్‌కే తెలియదు. డిసెంబర్ 3, వికలాంగుల దినోత్సవం వస్తే మాత్రం మమ్మల్ని పిలిచి శాలువా, పులిహోర పొట్లం ఇచ్చి పంపిస్తారు.

ఆ చీటీలు తిరగరాయించండి. రాసే కమిటీలో మావాళ్లను ఇద్దరిని వేయండి. మీటింగు మాత్రం మేడ మీద పెట్టకండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు