గుస్సాడీ కళాకారులకు బడిలో ఒక పూట ఇవ్వండి

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ సంచాలకులు గారికి,

నమస్కారం. మా పిల్లల బడికి ఈమధ్య ఆదిలాబాద్ వైపు నుంచి గోండు ఆదివాసుల గుస్సాడీ నృత్యం చేసే ఒక కళాకారుడు వచ్చారు. నెమలి ఈకల టోపీ, ఒంటినిండా బూడిద, కాళ్లకు గజ్జెలు చూసి పిల్లలు కళ్లార్పలేదు. కానీ ఆయనకిచ్చింది వార్షికోత్సవంలో ఐదు నిమిషాలు, ఒక శాలువా.

సార్, గుస్సాడీ స్టేజీ ఐటమ్ కాదు. దీపావళి రోజుల్లో రాజ్‌గోండులు చేసుకునే దండారి పండుగలో భాగం. ఆ పండుగ దీక్షలో ఉన్నన్నాళ్లూ గుస్సాడీ వేషం కట్టినవాళ్లు స్నానం చేయరు. ఆ టోపీకి పూజ చేస్తారు. ఇవన్నీ పిల్లలకు ఎవరు చెప్పాలి? ఆ కళాకారుడే చెప్పాలి, తమ గోండి భాషలోనైనా సరే, పక్కన తెలుగులో చెప్పే మనిషిని పెట్టి.

మార్లవాయి గ్రామానికి చెందిన కనకరాజు గారు జీవితమంతా ఈ నృత్యం నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆయన తర్వాతి తరం మన మధ్యే ఉంది.

దయచేసి ఇలాంటి కళాకారులు బడికొస్తే కనీసం ఒక పూట వాళ్లకు ఇచ్చేలా, దారి ఖర్చులతో పాటు గౌరవ వేతనం అదే రోజు చేతికి అందేలా ఉత్తర్వులివ్వండి. దండారి రోజుల్లో మాత్రం వాళ్లను పిలవొద్దు. అప్పుడు వాళ్లు తమ గూడేల్లో ఉండాలి.

ఇట్లు,
ఒక విద్యార్థి తల్లి, హైదరాబాద్