ఆరోగ్యశాఖ మంత్రి గారికి: మా పిల్లల రక్తం ఇస్తాం, తీసుకునే ఏర్పాటు చేయించండి

మంత్రి గారూ, నమస్కారం.

మాది గుంటూరు బ్రాడీపేట. మా బాబుకి ఏడేళ్లు, ఆటిజం. కుక్కర్ విజిల్ వేస్తే రెండు చెవులూ మూసుకుని మంచం కిందికి దూరిపోతాడు, బయటికి తీయడానికి గంట పడుతుంది. అందుకే మా ఇంట్లో ఇప్పుడు అన్నం గిన్నెలోనే వార్చుకుంటున్నాం.

కిందటేడు ఒక క్లినిక్‌లో మూలకణాల (స్టెమ్ సెల్స్) ఇంజెక్షన్లు చేయిస్తే మాటలొస్తాయన్నారు, లక్షల్లో చెప్పారు. మా ఆవిడ గాజులు తీసి బల్లమీద పెట్టింది. ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఆటిజానికి అది ఆమోదించిన వైద్యం కాదు, పరిశోధనలో భాగంగా, ట్రయల్‌గా తప్ప చేయకూడదు. అలాంటి ప్రకటనల్ని దయచేసి ఆపించండి.

కానీ నేను రాస్తున్నది అసలు దానికోసం కాదు, ఆటిజం ఎందుకొస్తుందో తెలుసుకునే పరిశోధన కోసం. బతికున్న పిల్లాడి మెదడులోంచి ముక్క తీసి చూడలేం కదా. జపాన్‌లో షిన్యా యమనాకా 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి చర్మకణాలతో ఒక దారి కనిపెట్టారు: నాలుగు జన్యువులు చొప్పిస్తే మామూలు కణం మళ్లీ ఏ కణంగానైనా మారగల మూలకణమైపోతుంది. 2012లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు కాస్త రక్తం ఇస్తే చాలు, ఆ పిల్లాడి జన్యువులే ఉన్న నాడీకణాలను ల్యాబ్‌లో పెంచి, తేడా ఎక్కడుందో చూడొచ్చు, మందులు ముందు వాటిమీదే వేసి చూడొచ్చు. అమెరికాలో సాల్క్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2010లో రెట్ సిండ్రోమ్ (ఆటిజం లాంటి లక్షణాలుండే ఒక జన్యు జబ్బు) ఉన్నవాళ్ల కణాలతో ఈ పని చేస్తే, నాడీకణాలు చిన్నవిగా, ఒకదానితో ఒకటి కలిసే చోట్లు తక్కువగా కనిపించాయి.

మా వాడికి దీనివల్ల రేపే మాటలు రావని నాకు తెలుసు. అయినా ఎందుకు అడుగుతున్నానంటే, మాది మేనరికం. మా ఆవిడ నా మేనమామ కూతురే. "అందుకేనా ఇలా పుట్టాడు?" అని ప్రతి డాక్టర్‌నీ అడుగుతుంది, గట్టిగా అవునని గానీ కాదని గానీ ఎవరూ చెప్పలేదు. మన జిల్లాల్లో మేనరికాలు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మన కుటుంబాల కణాలు చూడకుండా ఆ ప్రశ్నకి జవాబు ఎక్కడినుంచి వస్తుంది?

మంగళగిరి ఎయిమ్స్‌లోనో మన పెద్దాసుపత్రిలోనో, తల్లిదండ్రుల సంతకం తీసుకుని, పేర్లు బయటికి రాకుండా రక్తం సేకరించి కణాలమీద పరిశోధన చేసే హైదరాబాద్ సీసీఎంబీ లాంటి చోటికి పంపే ఏర్పాటు చేయించండి, దానికి వేరే బిల్డింగేమీ అక్కర్లేదు. మొదటి నమూనా మా వాడిదే తీసుకోండి. మైకులో టోకెన్ నంబర్లు పిలవని టైము చెబితే చాలు, ఎత్తుకుని తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక తండ్రి, గుంటూరు