టీవీఎస్ ఎక్సెల్ బండి మీద వచ్చిన అన్నకు

ఆదివారం సాయంత్రం, అనంతపురం శివార్లలో శనక్కాయ పీకేసిన మా ఎర్రచేలో మావాడు డర్ట్ బైక్ నేర్చుకుంటున్నాడు. 11 ఏళ్ళు వాడికి. క్లచ్ టక్కున వదలడం, బండి ఎగిరి ఆగిపోవడం. గట్టు మీద నుంచి "మెల్లగా రా!" అని అరవడం తప్ప నేను చేసిందేమీ లేదు. నాలుగోసారి పడ్డాక హెల్మెట్ తీసి విసిరేశాడు.

దారిన పోతూ మీరు ఆగారు. "యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు నాయనా. క్లచ్ ఒక్కటే కొంచెం కొంచెంగా వదులు, బండి కదిలే చోటు నీ వేళ్ళకే తెలుస్తుంది" అన్నారు. పదిసార్లు అదే చేయించారు. తర్వాత లేచి నిలబడి, మోకాళ్ళు వంచి, చూపు దూరంగా పెట్టి నడపమన్నారు. (ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్నా, నాకిది తెలీదు.)

వాడు వేపచెట్టు దాకా పోయి తిరిగొచ్చేసరికి మీరు లేరు. పేరైనా అడగలేదు. చాలా థాంక్స్ అన్నా. మళ్ళీ ఇటు వస్తే ఆగండి, శనక్కాయలు ఉడకబెడతాం.