వాడి ఫొటో పెట్టకురా

చిన్నా,

నువ్వు పంపిన స్టిక్కర్ చూశాను. సెమినార్‌లో నీ మాట తడబడిన క్షణం చూసి, కళ్ళు సగం మూతపడిన ఫొటో తీసి, కింద 'లోడింగ్' అని రాశారు. క్లాస్ గ్రూపులో ఎవరేం అడిగినా ఇప్పుడు అదే పెడుతున్నారన్నావు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అంతకన్నా టెన్షన్ పెట్టింది నీ మెసేజ్. "వాడి ఫొటో నా దగ్గరా ఉందక్కా, రాత్రికి చూడు" అన్నావు. వద్దురా. ఆ స్టిక్కర్ చేసినవాణ్ణి ల్యాబ్‌లో సార్ అందరి ముందూ తిట్టారని నువ్వే చెప్పావుగా. అక్కడ నోరెత్తలేక, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు నీ మీద పడ్డాడు. ఇప్పుడు నీ కోపం వాడితోనే ఆగుతుందా? వేధింపులు పడ్డవాళ్ళలో కొందరు తర్వాత తామే వేధించేవాళ్ళవుతారని పరిశోధకులు ఎప్పటినుంచో చెప్తున్నారు. నువ్వు అలా కాకూడదనే నా బాధ.

ఎదురుగా ఉంటే నీ మొహం చూసైనా ఆగేవాడేమో. తెర వెనకుంటే మనుషులకి ఆ అదుపు సడలిపోతుందని జాన్ సూలర్ అనే సైకాలజిస్ట్ 2004లోనే వివరంగా రాశాడు.

అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో నేనుండే ఎడిసన్‌కి దగ్గర్లోనే రట్గర్స్ యూనివర్సిటీ. 2010లో అక్కడ ఫస్టియర్ కుర్రాడు టైలర్ క్లెమెంటీ ఏకాంతాన్ని రూమ్మేటే వెబ్‌క్యామ్‌లో చాటుగా చూసి, ఆ సంగతి ట్విట్టర్‌లో రాశాడు. కొద్దిరోజులకే టైలర్ ప్రాణం తీసుకున్నాడు. 18 ఏళ్ళు. వయొలిన్ వాయించేవాడు. మరుసటి ఏడాది న్యూజెర్సీ కొత్త చట్టం తెచ్చి, ప్రభుత్వ యూనివర్సిటీలు కూడా వేధింపులపై నియమాలు పెట్టుకోవాలంది. అంతదాకా వస్తేగానీ పెద్దవాళ్ళు కదల్లేదు చూడు.

అందుకే నువ్వు ఇప్పుడే చెప్పు. తేదీలు, నంబర్లు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, మీ డిపార్ట్‌మెంట్ హెడ్, అదే హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్ళు. పట్టించుకోకపోతే యూజీసీ యాంటీ ర్యాగింగ్ నంబరు ఉంది, 1800-180-5522. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, 14416కి చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. నీ బెంచ్‌మేట్ ఆ స్టిక్కర్‌కి నవ్వలేదన్నావు కదా, హెచ్‌ఓడీ దగ్గరికి వాణ్ణి తోడు తీసుకెళ్ళు. అమ్మకీ చెప్పు. కంగారుపడుతుంది, పడనీ.

నాకు ఏ టైమైనా పర్లేదు, ఫోన్ చెయ్యి.

అక్క